నూట ఇరవై ఏడో గడి

పంది మాంసం కొట్టు బోర్డు మంగళవారం పొద్దున దించేశారు.

క్లెమ్ బ్రియర్లీ రోడ్డుకి ఇవతల నిలబడి చూశాడు. వచ్చింది ఇద్దరు మనుషులు, ఒక వ్యాను. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకడు గునపం దూర్చి పెరికాడు. పలక నడిమికి విరిగింది. ముదురాకుపచ్చ మీద బంగారు రేకు అక్షరాలు, వాటికి ఎర్ర నీడలు. క్లెమ్ అది రాసి ఇరవై రెండేళ్లయింది. రాయడానికి పదకొండు రోజులు పట్టింది. పీకడానికి పావుగంట కూడా పట్టలేదు.

కుడి పక్క కింది మూలలో చిన్న నిచ్చెన బొమ్మ ఉంది. రెండు నిలువు గీతలు, నాలుగు మెట్లు. గోరంత ఉంటుంది. అది క్లెమ్ గుర్తు. బోర్డులు రాసేవాళ్లందరూ ఆ మూల తమ పేరు రాసుకుంటారు. ఇతను పేరు రాయలేదు. నలభై ఏళ్లూ నిచ్చెనే వేశాడు. నిచ్చెన ఎందుకని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ మూల ముక్క నాకిస్తారా అని అడుగుదామనుకున్నాడు. రోడ్డు దాటలేదు. వాళ్లు ముక్కలు వ్యానులోకి విసిరి, ఎర్ర ప్లాస్టిక్ పలక ఒకటి బిగించి వెళ్లిపోయారు.

ఇనప సామాన్ల కొట్టు, బూట్ల కొట్టు, శవపేటికలు చేసేవాడి కొట్టు, రెండు పబ్బులు. ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. మిగిలింది ఇదొక్కటే. ఇప్పుడిదీ పోయింది. స్టాక్‌పోర్ట్ ఊరు మొత్తంలో క్లెమ్ బ్రియర్లీ చెయ్యి పడిన గోడ ఇక లేదు.

అతను కోటు గుండీలు పెట్టుకుని పనికి నడిచాడు.

పని టోపీల మిల్లులో. అక్కడ టోపీలు చేయడం మానేసి చాలా ఏళ్లయింది. పై అంతస్తు ఒక చిన్న కంప్యూటర్ల కంపెనీ తీసుకుంది. పద్దెనిమిది మంది ఉంటారు. ఒక్కడే కూర్చుని వాడుకునే పెద్ద యంత్రం తయారుచేస్తున్నారు. అప్పటిదాకా పెద్ద కంప్యూటరంటే గది నిండా ఉండేది. దాన్ని యాభై మంది పంచుకునేవాళ్లు. ఇది అలా కాదు. బల్ల కింద బీరువా, బల్ల మీద తెర, చేతి కింద జరుపుకునే మూడు మీటల చిన్న పెట్టె. తెర అడ్డంగా కాక నిలువుగా ఉంటుంది, కాగితం నిలబెట్టినట్టు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు. కొంగలా నిటారుగా ఉందని దానికి హెరాన్ అని కొంగ పేరే పెట్టారు. బీరువాలో డిస్కు తిరగడం మొదలుపెడితే బట్టలుతికే మిషనులా నేల అదిరేది.

క్లెమ్‌కి ఆ యంత్రం సంగతి ఏమీ తెలియదు. అతని పని అక్షరాలు గీయడం.

అతన్ని పట్టుకొచ్చింది నెరిస్ ప్యూ అనే వేల్స్ పిల్ల. ఇరవై ఏడేళ్లుంటాయి. యంత్రం చేత మాట్లాడించే రాత పని, అదే ప్రోగ్రాముల పని, అంతా ఆమెది. మొదట వాళ్లలో వాళ్లే అక్షరాలు గీసుకున్నారు. కాకి కాళ్లలా వచ్చాయి. ఒకరోజు ఆమె సాసేజీలు కొనడానికి పంది మాంసం కొట్టుకి వెళ్లి, తల పైకెత్తి బోర్డు చూసి, కొట్టువాణ్ణి అడిగింది.

"ఇది రాసినాయన బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. కానీ మాట్లాడడు," అన్నాడు కొట్టువాడు.

"నాక్కావలసింది మాటలు కాదులెండి," అంది నెరిస్.

అలా సెప్టెంబరులో వచ్చాడు. కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చారు. గళ్ల కాగితాలు ఒక దొంతర ఇచ్చారు. ఒక్కో అక్షరానికి ఒక్కో కాగితం. అడ్డం తొమ్మిది గళ్లు, నిలువు పద్నాలుగు. నలుపు నింపిన గడి చుక్కవుతుంది, నింపనిది తెలుపు. అంతకు మించి ఇంకేమీ లేదు. కుంచె లేదు, ఒంపు లేదు, నీడ లేదు. సున్నా గుండ్రంగా కనిపించాలంటే మూలల్లో ఏ గడి వదలాలో తెలియాలి.

"ఓ అక్షరం కింద గీత దాటి ఒక గడి దిగాలి," అన్నాడు మొదటి వారం. ఆ వారం అన్న మాట అదొక్కటే.

"అన్ని అక్షరాలూ ఒకే గీత మీద నిలబడాలి కదా, బ్రియర్లీ గారూ?"

"నిలబడినట్టు కనపడాలి."

నెరిస్ రెండు రకాలుగానూ తెర మీద వేసి చూసింది. గీత మీద సరిగ్గా నిలబెట్టిన గుండ్రటి అక్షరం గాల్లో తేలుతున్నట్టుంది. గడి దించినది నేల మీద కూర్చుంది. ఆమె మారు మాట్లాడకుండా ఆయన చెప్పినట్టే చేసింది. ఆ రోజు నుంచి ఆమే టీ తెచ్చి బల్ల మీద పెట్టేది.

మొదటి కాగితం మీద ముప్పై రెండు అని అంకె, పక్కన ఖాళీ అని రాసి ఉంది.

"ఖాళీకి కూడా కాగితమా?" అన్నాడు క్లెమ్.

"మాటకీ మాటకీ మధ్య ఖాళీ. అదీ ఒక అక్షరమే యంత్రానికి. ఏమీ నింపకుండా తిరిగి ఇచ్చెయ్యండి."

అతనలాగే ఇచ్చేశాడు. అంత సులువైన పని జీవితంలో చేయలేదనుకున్నాడు.

ఆ గదిలో అతని వయసుకి దగ్గరగా ఉన్నది ఒక్క ఆలివ్ హిండ్లే. అదే మిల్లులో ముప్పై ఏళ్లు టోపీలకు రిబ్బన్లు కుట్టింది. ఇప్పుడు యంత్రం బీరువాలో పెట్టే పలకల మీది సూదులకు వెంట్రుకలాంటి రంగుల తీగల్ని చుడుతుంది. ఒక్కో పలక మీద వేల సూదులు. ఏ సూది నుంచి ఏ సూదికి పోవాలో పెద్ద జాబితా ఉంటుంది. తప్పు చుట్టిందన్న మాట ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నం ఆమె వచ్చి క్లెమ్ బల్ల దగ్గర కూర్చుని రొట్టె పొట్లం విప్పేది.

"ఒక్క మనిషి కోసం ఇంత పెట్టెట," అనేది. "మొగుడూ పెళ్లాం ఉన్నవాళ్లకి ఇదెందుకు చెప్పు? మనలాంటి ఒంటిపిల్లి రాకాసులకి ఇవ్వాలి. నీకొకటి, నాకొకటి. రాత్రి దాంతో పోట్లాడి పడుకోవచ్చు."

క్లెమ్ నవ్వేవాడు కాదు కానీ రొట్టె నమలడం ఆపేవాడు. అది అతనికి నవ్వుతో సమానం. ఆలివ్‌కి ఆ సంగతి తెలుసు.

"శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా నువ్వు ఎవరితోనైనా మాట్లాడతావా, క్లెమ్?"

అతను ఆలోచించాడు. "పాలవాడితో."

"ఏమంటావు?"

"సీసాలు లోపల పెడతాను."

"అది మాటెలా అవుతుందయ్యా!" అంది ఆలివ్.

బోర్డు దించిన మంగళవారం క్లెమ్ వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద ఒక్క కాగితమే మిగిలింది. తొంభై ఐదు అయిపోయాయి. ఇది ఆఖరిది. దాని మీద నూట ఇరవై ఏడు అని అంకె. మొదటి ఖాళీ తప్ప, ముందు కాగితాలన్నిటి మీదా అంకె పక్కన అక్షరం గీసి ఉండేది. దీని పక్కన మాత్రం డెల్ అని మూడక్షరాలు టైపు చేసి ఉన్నాయి.

క్లెమ్ చేతిలో పెన్సిలు ఆగింది.

ఆ మాట అతనికి తెలుసు. పద్నాలుగేళ్ల వయసులో ముసలి హార్‌గ్రీవ్స్ దగ్గర పనికి చేరినప్పుడు, కొట్టు గోడ నిండా పాత అచ్చు బొమ్మలు ఉండేవి. వంతెనలు, చర్చీలు, గుర్రాలు. ప్రతి బొమ్మ కిందా ఎడమ మూల ఒక పేరు, పేరు పక్కన డెల్ అని ఉండేది. ఏమిటని అడిగాడు. "పాత లాటిను మాటరా. గీసింది ఇతను అని. అచ్చు వేసినవాడు వేరే, అమ్మినవాడు వేరే. గీసినవాడి చోటు అది," అన్నాడు హార్‌గ్రీవ్స్.

క్లెమ్ చుట్టూ చూశాడు. ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఈ పిల్లలకి ఈ పద్ధతి తెలుసన్నమాట. తొంభై ఐదు అక్షరాలు గీసినవాడికి చివర ఒక గడి వదిలిపెట్టారు. చెప్పకుండా వదిలారు.  టీ రెండు గుక్కల్లో తాగి కప్పు పక్కకి పెట్టాడు.

నిచ్చెన గీశాడు. తొమ్మిది గళ్లలో రెండు నిలువు గీతలు, పద్నాలుగు గళ్లలో నాలుగు మెట్లు. చుక్కల్లోకి అంత హాయిగా ఒదిగిన బొమ్మ ఇంకొకటి లేదు. ఎక్కడా ఒంపు లేదు, వదలాల్సిన మూల లేదు.

ఈడీ నిచ్చెన పట్టుకుని కింద నిలబడేది. ఈడీ అతని భార్య. వానొచ్చినా ఎండొచ్చినా రెండు చేతులూ వేసి పట్టుకునేది. పైనున్నవాడి చేతిలో కుంచె ఉంటుంది కాబట్టి జనం వాణ్ణి చూస్తారు. కింద పట్టుకున్న మనిషిని ఎవరు చూస్తారు? అందుకని అతను నిచ్చెన వేసేవాడు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాత అతను నిచ్చెన ఎక్కలేదు.

కాగితాల దొంతర ఆఫీసులో టైపు చేసే అమ్మాయికి ఇచ్చారు. ఏ గడి నలుపు, ఏ గడి తెలుపు అని ఆమె వరస వరసా అంకెలుగా యంత్రానికి ఎక్కించింది. ఆ అంకెల్ని గోరంత గాజు కిటికీ ఉన్న చిప్పులోకి నింపారు. ఈ చిప్పు నచ్చకపోతే ఊదారంగు దీపం కింద పెట్టి చెరిపి మళ్లీ నింపుకోవచ్చు.

"ఇది నమూనా," అంది నెరిస్. "వచ్చే శుక్రవారం ఈ అంకెలన్నీ చిప్పులు చేసే ఫ్యాక్టరీకి పంపుతాం. వాళ్లు చేసేదానికి కిటికీ ఉండదు. లోపలే అచ్చు పోసేస్తారు. ఇక ఎవరూ చెరపలేరు."

"ఎవరూనా?"

"దేవుడొచ్చినా సరే."

క్లెమ్ ఆ మాట ఇంటికి తీసుకెళ్లాడు. శని, ఆది రెండు రోజులూ దాన్నే దగ్గర పెట్టుకున్నాడు. గోడ మీద రాస్తే సున్నం వేస్తారు. పలక మీద రాస్తే గునపంతో పీకుతారు. ఇది గునపానికి అందేది కాదు.

బుధవారం గొడవ మొదలైంది.

ఆ రోజు యంత్రానికి టెలిఫోను తీగ తగిలించారు. యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద రాత తెప్పిస్తున్నారు, ఎలా కనపడుతుందో చూద్దామని. తెర మీదకి వరసలు దిగుతున్నాయి. గదిలో సగం మంది వెనక నిలబడ్డారు. అక్షరాలు అచ్చు పుస్తకంలా ఉన్నాయని ఎవరో అన్నారు. క్లెమ్ తన బల్ల దగ్గరే కూర్చుని విన్నాడు. అతనికి ఇంకా పని ఉంది, మందపాటి అక్షరాల రెండో జత గీస్తున్నాడు. దానికి పెద్ద అక్షరాలు మాత్రం చాలన్నారు. శుక్రవారానికి అదీ అయిపోతుంది.

"ఇదేంటి?" అన్నాడు డంకన్.

డంకన్ గ్లాస్గో మనిషి. పలకలు, తీగలు, బీరువా అన్నీ అతని చేతి కింద పని. మంచివాడే, కానీ కోపం ముక్కు మీద ఉంటుంది.

"వరస చివర చూడు నెరిస్. ప్రతి వరసకీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏంటివి?"

"హ్యాష్ గుర్తులా ఉంది."

"హ్యాష్‌కి అడ్డగీతలు రెండే. దీనికి నాలుగున్నాయి. సాగిపోయింది. అక్షరంలో ఉండే పద్నాలుగు గళ్ల వరసల్లో కొన్ని రెండుసార్లు వస్తున్నాయి. తీగ ఒకటి తప్పు సూదికి పోయింది." అతను గది అవతలికి చూసి గొంతు పెంచాడు. "ఆలివ్ గారూ! తమరు మా మీద కాస్త దయుంచి నాలుగో పలక మళ్లీ చూస్తారా?"

"చూడ్డానికేముంది, సరిగ్గానే ఉంది," అంది ఆలివ్.

"లేదు కాబట్టే చూడమంటున్నా."

"ముప్పై ఏళ్లు పనిచేశాను నాయనా ఈ గదిలో. నువ్వు చంకలో ఉన్నప్పుడు నేను మేయరు గారి టోపీకి రిబ్బను కుట్టాను."

"టోపీకి తప్పు కుడితే ఊడి పడుతుందంతే. దీనికి తప్పు చుడితే శుక్రవారం పంపాల్సింది పంపలేను. దయచేసి విప్పండి."

ఆలివ్ మొహం ఎర్రబడింది. పలక తన బల్ల మీదకి తెచ్చుకుని, భూతద్దం సర్దుకుని, మొదటి తీగ విప్పింది.

క్లెమ్ లేచి, టీ కప్పు కడగడానికి వెళుతున్నట్టు తెర ముందున్నవాళ్ల వెనక నుంచి నడిచాడు. తల తిప్పి చూశాడు.

నిచ్చెనలు. తెర కుడి అంచు పొడుగునా, ప్రతి వరస చివరా నాలుగేసి. పైనుంచి కిందిదాకా. వీధి మొత్తం బోర్డులు రాసినట్టు.

మొదట లెక్కపెట్టబోయాడు. ఇన్నేళ్లలో ఒకేచోట అన్ని నిచ్చెనలు చూడలేదు. తర్వాత డంకన్ మాటలు ఒక్కొక్కటే తలకెక్కాయి. ఎందుకొచ్చాయో తెలియదు కానీ అవి అక్కడ ఉండకూడనివి. అవి తనవి. ఆలివ్ విప్పుతున్నది తన పాపం.

చెబుదామనుకున్నాడు. చెబితే తీసేస్తారు. శుక్రవారం దాకా ఊరుకుంటే ఎలాగోలా అచ్చులోకి పోతాయి. ఆ తర్వాత దేవుడొచ్చినా చెరపలేడు. ఆ అమ్మాయే అంది.

కప్పు కడిగాడు. శుభ్రంగా ఉన్న కప్పుని మళ్లీ కడిగాడు. వచ్చి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఆలివ్ రొట్టె తినడానికి రాలేదు. క్లెమ్ తన పొట్లం విప్పి, మళ్లీ చుట్టేశాడు.

సాయంత్రం ఇంట్లో బంగాళాదుంపలు ఉడకబెట్టుకున్నాడు. రేడియో పెట్టి, కట్టేశాడు. వెనక పెరట్లో నిచ్చెన గోడకి ఆనించి ఉంది. చివరి మెట్టు కుళ్లిపోయింది. వంటింటి కిటికీలోంచి దాన్ని చూస్తూ తిన్నాడు. ఆమె ఉంటే ఏమనేదో అతనికి తెలుసు. ఈడీ ఒక్కసారి కూడా కాళ్లు నొప్పి అనలేదు. కానీ ఒకసారి, పబ్బు గోడ దగ్గర, రంగు ఒలికిందని పని కుర్రాడు ఇంకొకణ్ణి తిడుతుంటే మాత్రం కింద నుంచే అరిచింది. "ఒలకబోసిన మనిషి నోరు విప్పితే బావుంటుంది," అని. ఆమె చూసింది ఆ కుర్రాడి వైపు. కానీ రంగు డబ్బా అంచున పెట్టి ఒలకబోసింది క్లెమ్.

గురువారం పొద్దున అందరికంటే ముందే వెళ్లాడు. ఆలివ్ ఇంకా ముందే వచ్చి ఉంది. కోటు కూడా విప్పలేదు. పలక సగం బోడిగా ఉంది. విప్పిన తీగలు ఒళ్లో కుప్పగా పడి ఉన్నాయి. వేళ్ల చివర్లకి ప్లాస్టర్లు చుట్టుకుంది.

"ఏం దొరికింది?" అన్నాడు క్లెమ్.

"ఏమీ దొరకలేదు. ఒక్క తప్పూ దొరకలేదు." ఆమె తల ఎత్తలేదు. "దొరకలేదంటే నాకు కళ్లు మండాయంటాడు. దొరికిందంటే చేతులు మండాయంటాడు. రేపటితో మానేస్తాను క్లెమ్. చెల్లెలు రమ్మంటోంది, బ్లాక్‌పూల్. వాళ్ల లాడ్జిలో పక్కలు సర్దుతాను. దుప్పటి తప్పు పరిచానని ఎవరూ అనరు."

క్లెమ్ నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"విప్పకు," అన్నాడు.

"ఏంటి?"

"ఇంక విప్పకు."

నెరిస్ వచ్చి కోటు తగిలిస్తోంది. క్లెమ్ తిన్నగా ఆమె దగ్గరికి నడిచాడు. మూడు నెలల్లో అతను తన బల్ల వదిలి ఆమె బల్ల దగ్గరికి వెళ్లడం అదే మొదలు.

"తల్లీ, డెల్ అంటే ఏమిటి?"

"డెల్?"

"ఆఖరి కాగితం. నూట ఇరవై ఏడు."

"ఓ, అదా. డిలీట్. చెరిపెయ్ అని. ఎందుకూ?"

 కిటికీ అవతల వంతెన మీద రైలు పోయింది. అది పోయేదాకా క్లెమ్ ఆగాడు.

"మా పనిలో, గీసినవాడు అని," అన్నాడు. "గీసినవాడి చోటు. నాకు వదిలారనుకున్నాను."

నెరిస్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. అతని మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె వెళ్లి కాగితాల దొంతరలోంచి అడుగునున్నది తీసింది. నిచ్చెన చూసింది.

"ఇది మీ గుర్తా?"

"ఊఁ."

"ఇదేం హ్యాష్ కాదు. నిచ్చెన."

"నిచ్చెనే."

ఆమె కుర్చీలో కూర్చుని, అతన్నీ కూర్చోమని చూపించి, నెమ్మదిగా చెప్పింది. "పాతకాలంలో కాగితపు పట్టీకి చిల్లులు పొడిచి రాసేవాళ్లు బ్రియర్లీ గారూ. ఒక్కో అక్షరానికి ఏడు చోట్లు. తప్పు పొడిస్తే చిల్లు పూడ్చలేం కదా. అందుకని ఏడు చోట్లా పొడిచేసేవాళ్లు. ఏడూ పొడిచి ఉంటే, ఇక్కడ ఏదో ఉండేది, చెరిపేశాం, పట్టించుకోకు అని అర్థం. ఏడు చిల్లులూ కలిపితే యంత్రం లెక్కలో నూట ఇరవై ఏడు. అవతల యూనివర్సిటీలో కాగితం మీద అచ్చు కొట్టే పాత మిషను ఉంది. వరస అయ్యాక దాని తల మొదటికి రావడానికి కాస్త టైము పడుతుంది. ఈలోగా ఊరికే ఉండకుండా నాలుగుసార్లు దాన్నే పంపుతుంది. మన యంత్రం దాన్ని మింగెయ్యాలి. మింగమని చెప్పడం నేను మర్చిపోయాను. తప్పు నాది. కాగితం మీద అలా టైపు చేసి మీకివ్వడం కూడా నా తప్పే."

"ఆలివ్‌ది కాదు."

"ఎంతమాత్రం కాదు."

"ఆ మాట ఆయనకి చెప్పు."

డంకన్ రాగానే నెరిస్ చెప్పింది. అతను కాగితం చూశాడు, తెర చూశాడు, సగం విప్పిన పలక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆలివ్ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఆలివ్ గారూ, నేను..."

"గట్టిగా," అంది ఆలివ్. "నిన్న గట్టిగానే అన్నావు."

గదిలో అందరూ విన్నారు. అతను గట్టిగానే చెప్పాడు. ఆమె వేళ్లు చూపించి, "ఇవి మళ్లీ చుట్టాలిగా. రెండో చెయ్యి కావాలి. కూర్చో, నువ్వు జాబితా చదువు. ఎర్రది ఎక్కడికో, పసుప్పచ్చది ఎక్కడికో. తప్పు చదివావో, బ్లాక్‌పూల్ దాకా వినపడేలా అరుస్తాను," అంది.

డంకన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా చదివాడు.

మధ్యలో ఆలివ్ ఒకసారి క్లెమ్ వైపు చూసింది. కోపమో ఏమిటో తెలియలేదు. అతను తల దించుకున్నాడు. రొట్టె వేళకి వచ్చి కూర్చుంది కానీ పొట్లం విప్పలేదు.

"నిన్న మధ్యాహ్నమే తెలుసా నీకు?"

అతను తల ఊపాడు.

"రాత్రంతా నేను కళ్లు పోయాయేమో అనుకుంటూ పడుకున్నాను క్లెమ్."

అతను పెన్సిలు కింద పెట్టాడు. ఆమె కాసేపు చూసింది. తర్వాత రొట్టె విప్పి, సగం తుంచి అతని కాగితం మీద పెట్టింది.  ఇద్దరూ తిన్నారు.

శుక్రవారం పొద్దున నెరిస్ ఒక కొత్త గళ్ల కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. నూట ఇరవై ఏడు. ఏమీ లేదు.

"డంకన్ ఖాళీ పెట్టమన్నాడు," అంది. ఆమె అతని వైపు చూడలేదు. "నేనే చెరిపెయ్యగలను. కానీ మీరే ఇస్తే బావుంటుందని..."

క్లెమ్ కాగితాన్ని చూశాడు. నూట ఇరవై ఆరు గళ్లు, తొమ్మిది పద్నాలుగులు. అన్నీ తెలుపు. మూడు నెలల కిందట మొదటి కాగితం ఇలాగే ఇచ్చాడు. అంత సులువైన పని లేదనుకున్నాడు.

పెన్సిలు తియ్యలేదు. కాగితం రెండు చేతుల్తో పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు.

"అయిపోయింది," అన్నాడు.

ఆమె తీసుకెళ్లింది. అతను మందపాటి అక్షరాల జతలో ఆఖరివి పూర్తి చేశాడు. పెన్సిళ్లు డబ్బాలో పెట్టుకున్నాడు. రబ్బరు, స్కేలు, కళ్లజోడు. సర్దడానికి రెండు నిమిషాలు పట్టింది.

నాలుగింటికి ఫ్యాక్టరీకి పంపే కవరు తెచ్చి నెరిస్ అతని బల్ల అంచున కూర్చుంది. అంటించలేదింకా.

"రెండు పనులు చేశాను," అంది మెల్లగా. "యంత్రానికి మింగడం నేర్పాను. నూట ఇరవై ఏడు ఎక్కడి నుంచి వచ్చినా, తెర దాకా పోకుండా ముందే మింగేస్తుంది. ఇక ఆ గడిలో ఏమున్నా ఒకటే. ఖాళీ అయినా, ఇంకేమైనా."

క్లెమ్ చూశాడు.

"అందుకని ఆ కాగితం ఎక్కించలేదు. పాతదే ఉంచాను. డంకన్‌కి చెప్పాను, ఖాళీ అయినా నిచ్చెనైనా చిప్పులో పట్టే చోటు ఒకటేనని. తల గోక్కుని సరేనన్నాడు."

"ఉంటుందా?"

"ఉంటుంది. ఎన్ని హెరాన్లు చేస్తే అన్నిట్లో."

"ఎవరికైనా కనపడుతుందా?"

నెరిస్ చేతిలో కవరు అటూ ఇటూ తిప్పింది. అబద్ధం చెప్పడం ఆమెకి రాదు.

"కనపడదు. అసలు అడగడానికే దారి లేదు. నేను మూసేశాను."

క్లెమ్ తల ఊపాడు. ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి. ఆమె కవరు నాలుకతో తడిపి అంటించింది.

టోపీ పెట్టుకుని మెట్ల దగ్గరికి వెళుతుంటే ఆలివ్ వెనక నుంచి వచ్చింది.

"సోమవారం రావా?"

"పని అయిపోయింది."

"ఊఁ." ఆమె ప్లాస్టరు అంచు పీకుతూ నిలబడింది. "ఇంతకీ నిచ్చెనేంటి? పేరు రాసుకోవచ్చుగా అందరిలా?"

నలభై ఏళ్లలో ఎవరూ అడగని మాట. క్లెమ్ రెండు మెట్లు దిగి ఆగాడు. ఆమె వైపు తిరగలేదు.

"ఎక్కినవాడే కనపడతాడు," అన్నాడు.

ఆలివ్ ఇంకా ఏమైనా చెబుతాడేమోనని చూసింది. చెప్పలేదు. దిగిపోయాడు.

పంది మాంసం కొట్టు ముందు నుంచే నడిచాడు. ఎర్ర ప్లాస్టిక్ పలక లోపల దీపం వెలుగుతోంది. వాన పడుతోంది. కొట్టువాడు లోపల నుంచి చెయ్యి ఊపాడు. క్లెమ్ కూడా ఊపాడు.

ఇంటికొచ్చి కోటు విప్పి మేకుకి తగిలించాడు. గ్యాసు వెలిగించి కెటిల్ పెట్టాడు. కప్పు ఒకటి తీశాడు. కిటికీలోంచి పెరట్లోకి చూస్తే గోడకి నిచ్చెన తడుస్తోంది.

"ఉంటుందట," అన్నాడు పైకే.

ఆ ఇంట్లో మాట వినపడి చాలా రోజులైంది. తన గొంతు తనకే ఎవరిదోలా అనిపించింది. కాసేపు ఆగాడు, అవతల నుంచి ఏమైనా అంటారేమోనన్నట్టు.

"కనపడదట," అన్నాడు.

కెటిల్ కూత పెట్టేదాకా అలాగే నిలబడ్డాడు.